దీపం పెట్టేవారు లేని దిబ్బలు

టోల్కీన్ రాసిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి సంపుటంలో హాబిట్లు అనే పొట్టి జాతికి చెందిన నలుగురు ఒక మధ్యాహ్నం పూట కొండ నెత్తిన నిలబెట్టిన ఒంటిరాతికి వీపులు ఆనించి భోజనం చేస్తారు. చుట్టూ ఎండ కాస్తూనే ఉంటుంది గాని, ఆ ఎండకు తన మీద ఏ అధికారమూ లేనట్టు రాయి మాత్రం చల్లగా ఉంటుంది. తిన్నాక కాసేపు ఒరిగినవాళ్ళకు తెలియకుండానే నిద్ర పడుతుంది. లేచేసరికి పొద్దు వాలిపోయి, నాలుగు వైపులా పొగమంచు గోడ కట్టి ఉంటుంది. ఆ మంచులో ఒకరికొకరు తప్పిపోయి, అరుపులు వినబడుతున్నా మనుషులు కనబడక, చివరికి నలుగురూ ఒక సమాధి దిబ్బ గర్భంలో చేరతారు. 2001లో వచ్చిన సినిమా ఈ ఘట్టాన్ని పూర్తిగా వదిలేసింది కాబట్టి, తెరమీద మాత్రమే ఈ కథను చూసిన మన పాఠకులకు బారో డౌన్స్ అనే ఆ కొండల పేరు కూడా తెలిసి ఉండకపోవచ్చు.

నేను ఈ ఘట్టాన్ని మొదటిసారి చదివినప్పుడు అందరిలాగే అనుకున్నాను: పాతకాలపు రాజులు చచ్చి దెయ్యాలయ్యారు, తమ బంగారాన్ని కాపలా కాస్తున్నారు, దారిన పోయేవాళ్ళను పట్టుకుంటున్నారు. చాలామంది పాఠకుల అభిప్రాయం ఇప్పటికీ ఇదే. మూడో సంపుటం చివర ఉన్న అనుబంధాలను నెమ్మదిగా, తేదీలు పక్కపక్కన పెట్టుకుని చదివిన తరువాత ఆ అభిప్రాయం నిలవలేదు. ఆ దిబ్బల్లో తిరుగుతున్నవి అక్కడ పాతిపెట్టినవారి ఆత్మలు కావు. అసలు హక్కుదారులు మౌనంగా పడి ఉండగా, వారి శత్రువులు పంపిన దుష్టశక్తులు వారి సమాధులను ఆక్రమించాయి. దెయ్యాల కథగా కనిపించే ఈ అధ్యాయం నిజానికి కబ్జా కథ. ఇంకొంచెం లోతుకు వెళితే, వారసులు అంతరించిన సమాధులకు ఏమవుతుందో చెప్పే కథ.

మొదటి నుంచి చెప్పుకుంటే, హాబిట్ల దేశమైన షైర్‌కు తూర్పున పాత అడవి, ఆ అడవికి అవతల ఈ కొండల వరుస, ఇంకా తూర్పుకు పోతే బ్రీ అనే ఊరు. ఎల్ఫులు అనే చావులేని జాతి భాషలో ఈ కొండలకు టిర్న్ గోర్థాద్ అని పేరు. చెట్టూ చేమా పెద్దగా లేని పచ్చిక గుట్టలు, వాటి శిఖరాల మీద ఆకుపచ్చని దిబ్బలు, అక్కడక్కడ చిగుళ్ళలోంచి పొడుచుకొచ్చిన పళ్ళలాగా నిలువురాళ్ళు. ఈ దిబ్బల్లో చాలావాటిని కట్టినవారు ఎడైన్ అనే మానవ జాతుల పూర్వీకులు. మొదటి యుగంలో, నీలిపర్వతాలు దాటి పడమటి దేశానికి వలస వెళ్ళకముందే, దారిలో ఉన్న ఈ కొండల మీద తమ మృతులను పెట్టి పైన మట్టి పోసి వెళ్ళారు. అప్పటికి వారికి కోటలు లేవు, వంశచరిత్రలు లేవు. ఉన్న చిరునామా ఈ దిబ్బలే.

ఆ వలస వెళ్ళినవారి సంతతి సముద్రం నడుమ ఒక ద్వీపరాజ్యాన్ని స్థాపించి, దాన్ని సముద్రంలోనే పోగొట్టుకుని, మిగిలిన కొద్దిమందితో రెండో యుగం చివర తిరిగి ఈ నేలకు వచ్చింది. అప్పటికి వీరిని డూనెడైన్ అంటున్నారు. ఎలెండిల్ నాయకత్వంలో ఉత్తరాన ఆర్నోర్ రాజ్యాన్ని కట్టుకుంటున్న ఆ రోజుల్లో ఈ కొండలు వారి కంటబడ్డాయి. మధ్యలో గడిచినవి మూడున్నర వేల ఏళ్ళకు పైమాటే. అయినా అవి తమ పెద్దల సమాధులని వారికి గుర్తుంది. ఆ గుర్తు వల్లనే ఆ కొండలను పూజ్యంగా చూసుకున్నారు, తమ ప్రభువులను, రాజులను కూడా తెచ్చి అక్కడే పెట్టారు. ఈ ఒక్క వాక్యాన్ని గ్రంథకర్త అనుబంధంలో ముక్తసరిగా చెప్పి వదిలేశాడు గాని, నాకు మొత్తం కథకు ఇదే ఆయువుపట్టుగా కనిపిస్తుంది. పరాయిదేశం అనుకుని వచ్చిన చోట ముత్తాతల గోరీలు ఎదురైతే ఆ నేల ఇక పరాయిది ఎలా అవుతుంది? అప్పటికి ఆ దిబ్బలంటే ఎవరికీ భయం లేదు. అవి వంశానికి వేళ్ళు.

ఆ తరువాతిది పతనం. మూడో యుగం 861లో రాజు ఎయారెండుర్ చనిపోగానే ముగ్గురు కొడుకులకు పొత్తు కుదరక ఆర్నోర్ మూడు ముక్కలయింది: ఆర్థెడైన్, రుదౌర్, కార్డోలన్. ఈ దిబ్బలు కార్డోలన్ వాటాకు వచ్చాయి. అన్నదమ్ముల పంపకాల్లో మొదలైన తగవు సరిహద్దు కొట్లాటలుగా ముదురుతుండగా, 1300 ప్రాంతంలో ఉత్తరాన ఆంగ్మార్ అనే రాజ్యం లేచింది. దాన్ని ఏలుతున్నవాడు చీకటి ప్రభువు ఇచ్చిన ఉంగరాలకు బానిసలైన తొమ్మిదిమందిలో పెద్దవాడు, మాంత్రికరాజు. అతని రాజధాని కార్న్ డూమ్. 1409లో ఆ సైన్యం విరుచుకుపడి ఆమోన్ సూల్ కొండమీది గోపురాన్ని తగలబెట్టి నేలమట్టం చేసింది, ఆర్థెడైన్ రాజు ఆర్వెలెగ్‌ను చంపింది, కార్డోలన్‌ను ఊడ్చిపెట్టింది. కార్డోలన్ ఆఖరి యువరాజు ఆ యుద్ధంలోనే కూలిపోయాడు. హాబిట్లు చిక్కుకున్న సమాధి అతనిదేనని కొందరంటారని అనుబంధంలో ఒక మాట ఉంది.

ఇక్కడ ఆగి చూడవలసిన విషయం ఒకటి ఉంది. దేశం పోయాక ప్రాణాలతో మిగిలిన కొద్దిమంది విశ్వాసపాత్రులు ఎక్కడికి పారిపోయారు? కొందరు వెనకనున్న అడవిలో తలదాచుకున్నారు. కొందరు ఈ సమాధి కొండలనే ఆశ్రయించి నిలిచారు. బతికున్నవాళ్ళు చచ్చిపోయినవాళ్ళ పక్కన ధైర్యంగా కాపురమున్నారంటే ఆ దిబ్బలు అప్పటికి కూడా వారికి అమ్మమ్మ ఇల్లు వంటివే. 1409 నుంచి 1636 వరకు, అంటే 227 ఏళ్ళ పాటు, ఆ పచ్చిక మీద నడిచే మనుషులకు కింద పడుకున్నవారి పేర్లు తెలుసు.

1636లో మహమ్మారి వచ్చింది. ఆగ్నేయ దిక్కు నుంచి పుట్టిన ఆ తెగులు, దక్షిణాన ఉన్న డూనెడైన్ రాజ్యమైన గోండోర్ రాజు తెలెమ్నార్‌ను, అతని పిల్లలనందరినీ పొట్టనబెట్టుకుని, ఉత్తరానికి పాకి కార్డోలన్‌లో మిగిలినవారిలో ఎక్కువమందిని తీసుకుపోయింది. ఇంకా ఉత్తరానికి పోయేకొద్దీ దాని ఉధృతి తగ్గింది. కాని ఈ కొండల దగ్గర అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది. కార్డోలన్ డూనెడైన్ జాతి అంతరించినది ఆ కాలంలోనే. అప్పుడే ఆంగ్మార్ నుంచి, రుదౌర్ నుంచి దుష్టశక్తులు వచ్చి పాడుబడిన దిబ్బల్లోకి దూరి అక్కడ నివాసం పెట్టాయి. యుద్ధం చేయలేని పనిని రోగం చేసింది. కత్తికి లొంగని నేల, దీపం పెట్టేవాడు పోగానే లొంగిపోయింది.

ఈ విషయం మన తెలుగు పాఠకులకు అర్థం కావడం తేలికని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే దెయ్యానికీ బేతాళుడికీ ఉన్న తేడా మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. దెయ్యం చచ్చినవాడి సొంత రూపం. తీరని కోరికతోనో, జరగని కర్మతోనో ఇక్కడే చిక్కుకుపోయినవాడు. బేతాళుడు అలాకాదు. విక్రమార్కుడి భుజం మీద శవం మాట్లాడుతున్నప్పుడు మాట్లాడేది ఆ శవమైన మనిషి కాదని, దానిలో దూరిన వేరొకడని పిల్లవాడికి కూడా తెలుసు. శవం అతనికి ఒక ఇల్లు మాత్రమే. బారో డౌన్స్‌లో ఉన్నవి ఈ రెండో కోవకు చెందినవి. అడవి పక్కన కాపురముండే టామ్ బాంబడిల్ హాబిట్లకు ఆ కొండల కథ చెప్పే చోట, దూరపు చీకటి తావుల నుంచి ఒక నీడ వచ్చిందని, దిబ్బల్లో ఎముకలు కదిలాయని అంటాడు. వాటంతట అవి లేచాయని అనడు. బయటినుంచి వచ్చినదేదో వాటిని కదిలించింది. వీటికి ఇంగ్లిషులో పెట్టిన ‘వైట్’ అన్న పేరు కూడా తెలుపుకు సంబంధించినది కాదు. ప్రాచీన ఆంగ్లంలో ‘విహ్ట్’ అంటే ప్రాణి, జీవి అని అర్థం, అంతే. దిబ్బలో ఉంటున్న ఏదో ఒక జీవి. ఎవరని చెప్పకపోవడంలోనే ఆ పేరుకున్న భయమంతా ఉంది.

బాంబడిల్ చెప్పిన కథలో ఇంకొక చిన్న వివరం నన్ను వదలదు. రాజుల శవాల చుట్టూ బంగారం పోశారు, రాతి తలుపులు మూశారు, అంతటి మీదా గడ్డి మొలిచింది, కొంతకాలం గొర్రెలు ఆ గడ్డి మేశాయి, ఆ తరువాత కొండలు మళ్ళీ ఖాళీ అయ్యాయి. ఆ గొర్రెల ప్రస్తావన ఒక్క వాక్యమే. కాని గొర్రెలున్నాయంటే కాపరి ఉన్నాడు, కాపరి ఉన్నాడంటే మనిషి అలికిడి ఉంది. ఏ దిబ్బ మీద గొర్రెలు మేస్తున్నాయో ఆ దిబ్బలో చీకటి చేరలేదు. గొర్రెలు పోయాకనే నీడ వచ్చిందని వరుస క్రమం స్పష్టంగా చెబుతోంది.

మాంత్రికరాజు ఇలా ఎందుకు చేశాడన్నది తరువాతి ప్రశ్న. రచయిత మరణానంతరం వెలుగు చూసిన రాతల్లో ఆ దుష్టశక్తులను అక్కడికి పంపినది స్వయంగా అతడేనని స్పష్టంగా ఉంది. నా దృష్టిలో ఇది ఆక్రమణలో అత్యంత చౌకైన పద్ధతి. సైన్యాన్ని పెడితే తిండి పెట్టాలి, జీతాలివ్వాలి, కోట కట్టాలి. శత్రువు పెద్దల సమాధుల్లో భయాన్ని కాపలా పెడితే ఏదీ అక్కర్లేదు. ఆ ఎత్తు ఫలించిందనడానికి సాక్ష్యం కూడా ఉంది. 1813 నుంచి 1891 వరకు ఆర్థెడైన్‌ను ఏలిన ఆరావల్ కార్డోలన్‌లో మళ్ళీ జనాన్ని నిలపాలని ప్రయత్నించాడు. దిబ్బల దగ్గర ఉండబోయిన వారందరినీ ఆ శక్తులు భయపెట్టి తరిమేశాయి. ఎవరి పెద్దలు పడుకున్నందువల్ల ఆ నేల ఒకప్పుడు తమదైందో, ఆ పెద్దల గోరీల మూలంగానే అదే జాతికి ఆ నేల కాకుండా పోయింది. ఇంతకన్నా క్రూరమైన ఓటమిని నేను ఏ యుద్ధ వర్ణనలోనూ చదవలేదు.

దీన్ని చదువుతున్నప్పుడు మా నాయనమ్మ వాళ్ళ ఊరి చేను గుర్తుకొస్తుంది. ఆ చేను గట్టున మా పెద్దల సమాధులు మూడు ఉండేవి. ఇటుక, సున్నంతో కట్టిన చిన్న అరుగులు, తలవైపు దీపానికి ఒక గూడు. ఏటా పెద్దలకు పెట్టుకునే రోజున నాయనమ్మ అక్కడికి వెళ్ళి, గడ్డి పీకించి, గూట్లో ప్రమిద వెలిగించి, గాలికి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి కాసేపు కూర్చుని వచ్చేది. చిన్నపిల్లలం ఆ అరుగుల మీద ఎక్కి దూకేవాళ్ళం, మాకు భయమన్న ఆలోచనే లేదు. ఆమె పోయాక చేను చేతులు మారింది. మొన్న ఆ వైపు వెళ్ళినప్పుడు తుమ్మచెట్లు కమ్ముకుని అరుగులు కనబడలేదు. పక్కచేను పిల్లవాడొకడు, అటు పోకండి, అక్కడ ఉంది అన్నాడు. ఏముంది అని అడిగితే చెప్పలేదు, ఉంది అని మాత్రం అన్నాడు. దిబ్బల్లో ‘జీవి’ ఎలా పుడుతుందో నాకు ఆ రోజు తెలిసింది.

ఈ ఊహ రచయితకు శూన్యంలోంచి రాలేదు. ఆయన వృత్తిరీత్యా ప్రాచీన ఆంగ్ల భాషా సాహిత్యాల ఆచార్యుడు, ఉత్తర దేశాల సాగాలను, అంటే పాత వీరగాథలను, మూలంలో చదివినవాడు. ఇంగ్లండు నేలంతా ఇలాంటి దిబ్బలే. ఆయన పనిచేసిన ఆక్స్‌ఫర్డ్ ఉన్న జిల్లాలోనే వేలాండ్స్ స్మిథీ అనే పొడవాటి రాతియుగపు సమాధి ఉంది. ఆంగ్లో సాక్సన్లు ఆ నేలకు వచ్చేనాటికే దాన్ని కట్టి దాదాపు నాలుగు వేల ఏళ్ళయింది. కట్టినవారెవరో వారికి తెలియదు, కనుక తమ పురాణగాథల్లోని కమ్మరి వేలాండ్ పేరు పెట్టారు. 955 నాటి ఒక భూదానపత్రంలోనే ఆ పేరు కనిపిస్తుంది. అక్కడ గుర్రాన్ని కట్టి నాణెం పెట్టి వెళితే, తిరిగొచ్చేసరికి నాడాలు కొట్టి ఉంటాయని జనం చెప్పుకునేవారు. తెలంగాణ పల్లెల్లో బండరాళ్ళను గుండ్రంగా పేర్చిన ఇనుపయుగపు సమాధులను రాకాసి గుళ్ళు అనడం కూడా ఇటువంటిదే. అంతంత బండలను మనుషులు ఎత్తి పెట్టారని ఎలా నమ్మడం? కట్టినవారి పేరు మరిచిపోయిన చోట రాక్షసుడో, దేవుడో వచ్చి కూర్చుంటాడు.

దిబ్బలో దెయ్యం అన్న భావానికి ఆ సాహిత్యంలో రెండు వేర్వేరు పాయలున్నాయి, వాటిని కలిపి చూస్తేనే బారో డౌన్స్ కొత్తదనం తెలుస్తుంది. ఒకటి ఐస్‌లాండ్ సాగాలది. గ్రెట్టిర్ సాగాలో ముసలి కార్ అనేవాడిని ఒక నార్వే ద్వీపంలో దిబ్బలో పాతిపెడతారు. చచ్చినా ఊరుకోక, అతడు తిరుగుతూ ఆ దీవిలోని రైతులనందరినీ తరిమేసి, మొత్తం దీవి తన కొడుకు సొంతమయ్యేలా చేస్తాడు. రాత్రి దిబ్బ వైపు మంట కనబడటం చూసి గ్రెట్టిర్ పైకప్పు తవ్వి తాడు పట్టుకుని లోపలికి దిగుతాడు. గుర్రపు ఎముకల మధ్య పెనుగులాడి ఆ ముసలివాడి తల నరికి, మళ్ళీ లేవకుండా ఆ తలను తొడల దగ్గర పెట్టి, నిధిని పైకి తెస్తాడు. ఇక్కడ దిబ్బలో ఉన్నవాడు దిబ్బ యజమానే. తన ఇంట్లో తానున్నాడు.

రెండో పాయ ఇంగ్లండుది. మెర్సియా రాజ్యపు యోధుడు గుథ్‌లాక్ కత్తి వదిలి సన్యసించి, 699 ప్రాంతంలో క్రోలాండ్ అనే చిత్తడి దీవికి వెళ్ళి, నిధి కోసం దొంగలు ఎప్పుడో తవ్వి వదిలేసిన ఒక పాత దిబ్బను ఆశ్రయించి అక్కడే గుడిసె వేసుకున్నాడు. ఫెలిక్స్ అనే సన్యాసి ఎనిమిదో శతాబ్దంలో లాటిన్‌లో రాసిన ఆయన చరిత్రలో, రాత్రిపూట పిశాచాల గుంపులు ఆ దిబ్బ మీదికి వచ్చేవని ఉంది. ఒక రాత్రి వచ్చినవి బ్రిటన్ల భాష మాట్లాడాయట. యువకుడిగా ఉన్నప్పుడు బ్రిటన్ల మధ్య ప్రవాసంలో గడిపినందువల్ల గుథ్‌లాక్‌కు ఆ భాష అర్థమయింది. బ్రిటన్లంటే ఆంగ్లో సాక్సన్ల కంటే ముందు ఆ నేల మీద ఉన్నవారు, పోరాడి ఓడినవారు. గెలిచినవాడు ఓడినవాడి నేలమీద పడుకుంటే రాత్రి చెవిన పడే భాష అది.

బారో డౌన్స్‌లో ఈ రెండు పాయలూ కలుస్తాయని నా అభిప్రాయం. ఎముకల గలగల, చల్లటి వేళ్ళ మీద ఉంగరాల చప్పుడు, బంగారం, రాతి తలుపు సాగాల నుంచి వచ్చాయి. దిబ్బలో ఉన్నది దిబ్బ యజమాని కాదన్న భావం క్రోలాండ్ దారిలోది. కాని క్రోలాండ్‌లో ఓడినవారు పిశాచాలు, ఇక్కడ గెలిచినవారు పిశాచాలు. ఈ తలకిందులు చేయడంలోనే రచయిత మనసు తెలుస్తుంది. చనిపోయినవారి మీద ఆయనకు ఉన్న గౌరవం, వారిని దెయ్యాలుగా చూపించడానికి ఒప్పుకోలేదు.

ఆసక్తికరమైన సంగతేమిటంటే, ఈ పుట్టుపూర్వోత్తరాలన్నీ కథ తరువాత పుట్టినవి. బారో వైట్ మొదట కనిపించినది 1934లో ‘ఆక్స్‌ఫర్డ్ మేగజైన్’లో అచ్చయిన టామ్ బాంబడిల్ పద్యంలో. అప్పటికి ఆంగ్మార్ లేదు, కార్డోలన్ లేదు, ఉన్నది కొండ మీది దిబ్బలో ఉండే ఒక భయం మాత్రమే. నవల తొలి చిత్తుప్రతుల కాలంలో, నల్లగుర్రపు రౌతులు (మాంత్రికరాజు నాయకుడుగా ఉన్న ఆ తొమ్మిదిమందే) అసలు గుర్రమెక్కిన ఈ దిబ్బల జీవులేనా అని రచయిత తనను తాను ప్రశ్నించుకుంటూ రాసుకున్న గమనిక ఉంది. ఆ ఆలోచనను తరువాత వదిలేశాడు గాని, రౌతుల నాయకుడికీ ఈ దిబ్బలకూ చుట్టరికం మాత్రం నిలిచిపోయింది. యుగాల లెక్కలతో, రాజుల పేర్లతో పూర్తి చరిత్ర 1955లో అనుబంధాలతో పాటు బయటికి వచ్చింది. భయం ముందు పుట్టి, దానికి కారణం ఇరవై ఏళ్ళ తరువాత దొరికింది. మన ఊళ్ళలోని కథలు కూడా చాలావరకు ఇలాగే పెరుగుతాయి.

ఇప్పుడు మళ్ళీ దిబ్బ లోపలికి వెళదాం. మూడో యుగం 3018 సెప్టెంబరు 28 రాత్రి. ఫ్రోడో కళ్ళు తెరిచేసరికి నేలలోంచి ఊరుతున్నట్టు పాలిపోయిన ఆకుపచ్చ వెలుగు. పక్కన శామ్, మెర్రీ, పిప్పిన్ వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఒంటి మీద తెల్లని బట్టలు, తలకు బంగారు పట్టీలు, చేతులకు ఉంగరాలు, ముగ్గురి మెడల మీదుగా అడ్డంగా ఒక పొడవాటి నగ్న ఖడ్గం. వాళ్ళు శవాలు కారు, శవాలుగా అలంకరించబడ్డవారు. మూలనుంచి ఒక పొడుగాటి చెయ్యి వేళ్ళ మీద నడుస్తూ శామ్ వైపు, ఆ ఖడ్గపు పిడి వైపు వస్తుంది. ఫ్రోడో దగ్గరున్న పొట్టికత్తి ఎత్తి మణికట్టు దగ్గర నరుకుతాడు, చెయ్యి తెగుతుంది, కత్తి పిడిదాకా తునాతునకలవుతుంది. ఆ జీవి ముఖం ఎలా ఉందో మనకు ఎక్కడా చూపించరు. అది సరైన పని అని నా నమ్మకం. ముఖం ఉంటే దానికి ఒక పేరు, ఒక వంశం ఉండాలి. అక్కడ ఉన్నదానికి అవి లేవు.

బాంబడిల్ వచ్చి రాళ్ళు తొలగించి వారిని ఎండలోకి తెచ్చాక మెర్రీ మేలుకుంటాడు. తలమీది బంగారు పట్టీ కంటి మీదికి జారుతుండగా, తనకు సంబంధం లేని మాటలు అతని నోట వస్తాయి: కార్న్ డూమ్ మనుషులు రాత్రివేళ మా మీద పడ్డారు, మేము ఓడిపోయాము, నా గుండెలో బల్లెం. ఆ వెంటనే తెలివి తెచ్చుకుని, ఏమిటిది, కల కంటున్నానా అంటాడు. ఈ అధ్యాయం మొత్తంలో అసలైన మృతుడు మాట్లాడినది ఈ రెండు మూడు వాక్యాలే. అతడు శపించలేదు, బెదిరించలేదు, బంగారం అడగలేదు. తనకు ఏం జరిగిందో చెప్పాడు. పదహారు వందల ఏళ్ళుగా వినేవాడు లేక ఆగిపోయిన సాక్ష్యం అది. దిబ్బను ఆక్రమించిన జీవి హాబిట్లను చంపాలనుకుంది. దిబ్బ సొంతదారు వారిలో ఒకరికి తన చావును అప్పగించి వెళ్ళాడు. ఈ ఇద్దరినీ ఒకటిగా చదివితే ఆ యువరాజుకు అన్యాయం చేసినట్టే.

ఆ పైన బాంబడిల్ చేసినది ఒక శాంతికర్మ వంటిది. నిధినంతా బయటికి తెచ్చి దిబ్బ నెత్తిన ఎండలో కుప్ప పోసి, పక్షులు, మృగాలు, ఎల్ఫులు, మనుషులు, మంచితనమున్న ఏ ప్రాణి అయినా తీసుకోవచ్చని విడిచిపెడతాడు. అలా పంచితేనే దిబ్బకున్న కట్టు తెగి, ఏ జీవీ మళ్ళీ దానిలోకి రాలేదని చెబుతాడు. గుథ్‌లాక్ దిబ్బను తవ్వినవారు దొంగలు, గ్రెట్టిర్ తవ్వినది నిధి కోసం. ఇక్కడ తవ్వినవాడు తనకోసం తీసుకున్నది ఒక్కటే, భార్య గోల్డ్‌బెర్రీ కోసం నీలి రాళ్ళు పొదిగిన ఒక భుజాభరణం. దాన్ని చేతిలో పెట్టుకుని, ఏదో పాత జ్ఞాపకం కదిలినట్టు చాలాసేపు చూసి, దీన్ని ఒకప్పుడు భుజాన ధరించినామె అందగత్తె అని, ఇకపై గోల్డ్‌బెర్రీ ధరిస్తుందని, ఆమెను తాము మరచిపోబోమని అంటాడు. ఆమె పేరు చెప్పడు, మనకు తెలియదు. కాని ఆ కొండల మీద 1636లో ఆగిపోయిన పని, అంటే కింద పడుకున్నవారిని ఎరిగినవాడొకడు తలుచుకోవడం, ఆ క్షణంలో మళ్ళీ జరిగింది.

హాబిట్లకు అతడు ఆ కుప్పలోంచి నాలుగు బాకులు ఏరి ఇస్తాడు. ఆకు ఆకారంలో, ఎరుపు బంగారు రంగుల పాము నగిషీతో, నల్లని ఒరల్లో తుప్పు పట్టకుండా మెరుస్తున్నవి. ఆంగ్మార్‌తో పోరాడి ఓడిన పడమటి మనుషులు చేయించుకున్న ఆయుధాలవి. సినిమాలో ఈ కత్తులను వెదర్‌టాప్ కొండ దగ్గర, హాబిట్లకు దారి చూపుతున్న ఆరగోర్న్ ఊరికే తీసి ఇస్తాడు. దిబ్బ లేకపోవడంతో కత్తికి పుట్టిల్లు లేకుండా పోయింది, దాని చివరి పనికి అర్థమూ పలచబడింది. ఫ్రోడో కత్తి నది రేవులో విరిగిపోయింది. పిప్పిన్ కత్తి నల్లద్వారం ముందు ట్రోల్ అనే రాక్షసుణ్ణి ఒకణ్ణి కూల్చింది. మెర్రీ కత్తి 3019 మార్చి 15న, పెలెన్నోర్ మైదానంలో, మాంత్రికరాజు మోకాలి వెనక దిగింది. ఇంకే ఆయుధమూ చేయలేనంత గాయం చేసి, అతని శరీరాన్ని అతని ఇచ్ఛతో కట్టి ఉంచిన మంత్రాన్ని అది తెంచింది. దాన్ని ఎప్పుడో ఉత్తరాన కాచి సాగదీసిన కమ్మరికి ఈ సంగతి తెలిస్తే సంతోషించి ఉండేవాడని రచయిత అక్కడ ఆగి మరీ చెబుతాడు. సమాధులను దొంగిలించినవాడి మీదికి సమాధి పంపిన కత్తి అది. మెర్రీ వంగి చూసేసరికి నేలమీద పడి ఉన్న ఆ కత్తి మంటలో పెట్టిన ఎండుకొమ్మలా పొగలు కక్కుతూ, మెలికలు తిరిగి, ముడుచుకుపోయి, అతని కళ్ళముందే ఏమీ మిగలకుండా కాలిపోయింది.